యూదా మతంలోకి రావాలనుకునేవారికి, తిరిగి రావాలనుకునేవారికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో జార్జిటౌను వీధుల పేర్ల గురించి రాసినప్పుడు పవళక్కార వీధి ప్రస్తావన వచ్చింది. ఆ పేరు పగడాల వర్తకుల వల్ల వచ్చిందనీ, 17వ శతాబ్దంలో లండన్ నుంచి వచ్చి సెయింట్ జార్జి కోట నీడలో స్థిరపడిన పోర్చుగీసు సంతతి యూదులు పగడాలు ఇక్కడ దించి గోల్కొండ వజ్రాలు ఓడకెక్కించుకునేవారనీ, 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు ఆల్డర్మన్లలో యూదు వర్తకులకూ చోటిచ్చారనీ రాశాను. దానికి స్పందనగా వచ్చిన ఉత్తరాల్లో చరిత్ర అడిగినవారు తక్కువ. తమ సొంత జీవితం గురించి అడిగినవారే ఎక్కువ. అందుకని ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాను. నేను రబ్బీని, అంటే యూదు మతగురువును, కాను, మతాల చరిత్ర చదువుకుని పాఠం చెప్పినవాడిని. ఎవరు యూదులో తేల్చే అధికారం నాకు లేదు గనుక, ఆ అధికారం ఉన్నవారు ఏమి అడుగుతారో, ఎందుకు అడుగుతారో మాత్రమే చెప్పగలను.

ప్రశ్న: మాది పెరంబూరు. తాతల నాటి నుంచి బాప్టిస్టు సంఘంలో ఉన్నాం. పాత నిబంధన చదువుతున్నకొద్దీ నా మనసు ఇశ్రాయేలు ప్రజల మీదికే పోతోంది. శనివారం పని మానేశాను, పంది మాంసం మానేశాను, శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగిస్తున్నాను. యేసు ప్రభువును విడిచిపెట్టకుండా నేను యూదురాలిని కాగలనా? మా పాస్టరు గారు కోపంగా ఉన్నారు.
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: కాలేరమ్మా. ఈ మాటను నాన్చి చెబితే మిమ్మల్ని కొన్నేళ్లు లేనిపోని ఆశలో ఉంచినవాడినవుతాను. యూదుల్లో సంప్రదాయవాదులున్నారు, మధ్యేమార్గం వారున్నారు, సంస్కరణవాదులున్నారు. దాదాపు ప్రతి విషయంలోనూ వాదించుకునే ఈ ముగ్గురూ ఈ ఒక్క సంగతిలో ఏకాభిప్రాయంతో ఉన్నారు. యేసును మెస్సీయగా, దేవుడిగా నమ్ముతూ యూదా మతం పుచ్చుకోవడం కుదరదు. హీబ్రూ పాటలు పాడి, పొట్టేలు కొమ్ము ఊది, ప్రార్థన శాలువా కప్పుకుని, ఆ పైన యేసును మెస్సీయగా ప్రకటించే సంఘాలు మన నగరాల్లోనూ కనిపిస్తాయి. వారి భక్తిని నేను తక్కువ చేయను గానీ యూదుల లెక్కలో వారిది క్రైస్తవమే. 1989లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు సైతం అదే తీర్పు చెప్పింది.

కాబట్టి ముందుగా మీరు మీతో తేల్చుకోవలసింది ఒకటుంది. మీ మనసు పోతున్నది యేసు పుట్టి పెరిగిన జనం మీదికా, లేక యేసు లేకపోయినా ఆ జనం పూజించే దేవుడి మీదికేనా? మొదటిది అయితే మీరు మీ సంఘంలోనే ఉండి, పాత నిబంధనను మరింత శ్రద్ధగా చదువుకోవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండోది అయితే దారి ఉంది, కాని అది పొడవైన దారి.

మీరు రాసిన ఆచరణ విషయంలో ఒక సంగతి తెలుసుకోవాలి. విశ్రాంతి దినాన్ని యూదుల పద్ధతిలో సంపూర్ణంగా పాటించడం యూదులకు మాత్రమే ఇచ్చిన విధి అని యూదుల ప్రాచీన ధర్మగ్రంథమైన తల్ముదు చెబుతుంది. అందుకే మతం పుచ్చుకోవడానికి చదువుకుంటున్నవారు, అన్ని నియమాలూ నేర్చుకుంటూనే, ఆ రోజు కావాలని ఏదో ఒక చిన్న పని, ఒక దీపం వెలిగించడమో రెండు అక్షరాలు రాయడమో, చేసి ఊరుకుంటారు. అంటే ఒంటరిగా ఇంట్లో కూర్చుని ఎన్ని నియమాలు పాటించినా, ఆ పాటించడం వల్ల మనిషి యూదుగా మారడు. ఒక సమాజం మిమ్మల్ని చూసి, పరీక్షించి, తనలో కలుపుకోవాలి. ఇశ్రాయేలు ఇంటికి కోడలైన పరాయి జాతి స్త్రీ రూతు కథ మీకు బాగా తెలుసు. ఆమె అత్తతో అన్న మాటల్లో ముందు నీ జనమే నా జనం అన్నది, ఆ తర్వాతే నీ దేవుడే నా దేవుడన్నది. ఆ వరుస యాదృచ్ఛికం కాదని రబ్బీలు చెబుతారు, నాకూ అది నిజమే అనిపిస్తుంది.

పద్ధతి ఇలా ఉంటుంది. మతం పుచ్చుకునే ప్రక్రియను గియూర్ అంటారు. దానికి ముందు కనీసం ఒక ఏడాది, తరచుగా అంతకంటే ఎక్కువ కాలం, ఒక రబ్బీ పర్యవేక్షణలో చదువుకోవాలి. ఏడాది అనడంలో కారణం ఉంది: కొత్త సంవత్సరం నుంచి, ఈజిప్టు చెర నుంచి విడుదలను తలచుకునే పస్కా పండగ మీదుగా మళ్లీ కొత్త సంవత్సరం దాకా పండగల చక్రమంతా ఒకసారి ఆ సమాజంతో కలిసి బతకాలి. తర్వాత ముగ్గురు సభ్యుల మత న్యాయస్థానం, దాన్ని బెత్ దిన్ అంటారు, మీ ఉద్దేశమేమిటో, ఆజ్ఞలు పాటించడానికి సిద్ధంగా ఉన్నారో లేదో విచారిస్తుంది. పురుషులకు సున్నతి జరగాలి. ఆసుపత్రిలో ఇదివరకే చేయించుకుని ఉంటే లాంఛనంగా ఒక్క రక్తపు బొట్టు తీస్తారు. చివరిగా స్త్రీపురుషులందరూ మిక్వేలో, అంటే సహజంగా చేరిన నీటి కొలనులో, వంటి మీద నూలుపోగు కూడా లేకుండా నిండా మునగాలి. స్త్రీ మునిగేటప్పుడు పక్కన స్త్రీలే ఉంటారు. సముద్రం కూడా మిక్వేగా చెల్లుతుంది, ఆ లెక్కన మన బంగాళాఖాతానికి లోటు లేదు. లోటల్లా ఆ ముగ్గురు న్యాయమూర్తులది.

చెన్నైలో నేడు ప్రార్థనలు జరిగే సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, లేదు. పాత వర్తకుల ఆనవాళ్లుగా అవ్వై షణ్ముగం సాలైలో, పాతవాళ్లు లాయిడ్స్ రోడ్డు అనే చోట, చిన్న శ్మశానవాటిక ఒకటి మిగిలింది. యూదుల సామూహిక ప్రార్థనకు సంప్రదాయం ప్రకారం పది మంది పురుషులు కావాలి. ఆ పది మంది ఈ ఊళ్లో ప్రతి వారం దొరకరు. మీరు నిజంగా ముందుకు వెళ్లదలిస్తే ముంబై వంటి చోట, యూదులు కుటుంబాలుగా జీవిస్తున్న చోట, కొంత కాలం ఉండి చూడండి. అక్కడి శుక్రవారపు బల్ల ముందు కూర్చున్నాక కూడా ఇదే కోరిక ఉంటే అప్పుడు రబ్బీని వెతకండి. మీ పాస్టరు గారితో మాత్రం ఇప్పుడే మాట్లాడండి. ఆయనకు తెలియకుండా చేస్తే బాధ పడతారు, తెలిసి చేస్తే వాదిస్తారు. వాదనే మేలు.

ప్రశ్న: నేను వేళచ్చేరిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, నెల్లూరు వాళ్లం. ఉద్యోగరీత్యా విదేశంలో ఉన్నప్పుడు ఒక యూదు కుటుంబంతో పరిచయమై, వాళ్ల జీవన విధానం నన్ను లోతుగా కదిలించింది. మతం మారాలని నిర్ణయించుకుని రబ్బీకి రాస్తే రెండుసార్లు వద్దన్నారు. ఇంట్లో నేనే పెద్ద కొడుకుని. మా అమ్మ ఒకే మాట అంటోంది: "రేపు మీ నాన్నకు కొరివి పెట్టేదెవరురా?" నాకు జవాబు తోచడం లేదు.
— వి. ఆర్.

జవాబు: రబ్బీ వద్దనడాన్ని తిరస్కారంగా తీసుకోకండి. వచ్చినవాణ్ని మొదట వెనక్కి పంపడం వారి పాత మర్యాద. తల్ముదు కాలంలో వచ్చిన మనిషిని, ఈ జనం కష్టాల్లో ఉన్నారని, తరుముతున్నారని నీకు తెలియదా అని అడిగేవారు. తెలుసు, నేను అందుకు తగినవాడినేనా అని సందేహిస్తున్నాను అన్నవాణ్ని వెంటనే చేర్చుకునేవారు. రెండోసారీ వద్దన్నారంటే మీ ఉత్తరంలో ఆయనకు ఏదో తొందర కనిపించి ఉంటుంది.

మీ అమ్మగారి ప్రశ్న పెద్దది, దాన్ని పక్కకు నెట్టే హక్కు మీకు లేదు. యూదా ధర్మశాస్త్రం ప్రకారం మతం పుచ్చుకున్న మనిషి అప్పుడే పుట్టిన శిశువుతో సమానం. కాని ఆ పేరుతో కన్నవారిని అగౌరవపరచడం నిషేధం. 12వ శతాబ్దపు యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమొనిడీసు మొదలు తర్వాతి శాస్త్రకారుల వరకు ఇది స్పష్టంగా చెప్పారు: పాత మతంలో ఉన్నప్పటి కంటే కొత్త మతంలో తల్లిదండ్రుల పట్ల మర్యాద తగ్గిందని ఎవరూ అనుకోకూడదు. తండ్రి వృద్ధాప్యంలో పక్కన ఉండటానికి, వైద్యానికి, అంత్యక్రియల ఖర్చుకు, శ్మశానం దాకా నడవడానికి ఏ ఆటంకమూ ఉండదు. యూదేతరులైన తల్లిదండ్రులు పోయాక వారి కోసం కద్దిష్ అనే ప్రార్థన చెప్పుకోవచ్చని పలువురు రబ్బీలు అనుమతించారు.

అయినా కొరివి పెట్టడం, పిండం పెట్టడం, ఆబ్దికంలో మంత్రం చెప్పడం వేరు. అవి ఒక మతం వ్యక్తి ఇంకో మతం విధిగా చేసే క్రియలు. ఏ సంప్రదాయవాద రబ్బీ వాటిని ఒప్పుకోరు. మీ ఇంట్లో తమ్ముడో, మేనల్లుడో, దాయాదుల్లో ఒకరో ఆ బాధ్యత మనస్ఫూర్తిగా స్వీకరించాలి, అదీ మీ నాన్నగారు బతికి ఉండగా, ఆయన ఎదుట కూర్చుని మాట్లాడుకుని. ఆయన కన్ను మూశాక పాడె దగ్గర ఈ మాట ఎత్తడం కంటే ఘోరం ఉండదు. ఇందుకు ఆయన ఒప్పుకోకపోతే ఆగమనే నా సలహా. ఆగినంత మాత్రాన మీకు దేవుడు దూరమవుతాడని యూదా మతం చెప్పదు.

ఇది చాలామందికి తెలియని సంగతి. ప్రపంచమంతా యూదులు కావాలని ఆ మతం కోరుకోదు. నోవహు సంతతికి, అంటే మానవులందరికీ, ఏడు ఆజ్ఞలే చాలని, హత్య, దొంగతనం, వ్యభిచారం, దైవదూషణ, విగ్రహారాధన, బతికున్న జంతువు నుంచి కోసిన మాంసం తినడం మానుకుని, న్యాయస్థానాలు నెలకొల్పుకుంటే చాలని, అలా బతికిన సజ్జనులకు పరలోకంలో భాగం ఉందని వారి సిద్ధాంతం. ఆ వరుసలో విగ్రహారాధన ఉందే, మన సంగతేమిటని మీరు అడుగుతారు. ఇది యూదు పండితుల్లోనే చర్చ ఉన్న విషయం. 2007లో ఢిల్లీలో, 2008లో యెరూషలేములో హిందూ, యూదు మతపెద్దలు సమావేశమైనప్పుడు, హిందువులు ఒకే పరమాత్మను ఆరాధిస్తారని, మూర్తినే దేవుడిగా భావించరని ప్రకటనలో అంగీకరించారు. దాన్ని అందరు రబ్బీలూ తలకెత్తుకోలేదు, కాని తలుపు మూసి లేదని చెప్పడానికి అది చాలు.

మిమ్మల్ని కదిలించింది ఆ ఇంటి శుక్రవారపు రాత్రి అయితే, ఆ రాత్రిలోని కొంత భాగాన్ని, ఫోను కట్టేసి ఇంటిల్లిపాదీ ఒకే పంక్తిలో కూర్చుని తినడాన్ని, నెల్లూరు ఇంటికి తీసుకువెళ్లడానికి గియూర్ అక్కర్లేదు.

ప్రశ్న: మా స్వస్థలం గుంటూరు జిల్లా. నాన్న తరం నుంచి మేము బెనె ఎఫ్రాయీములం. నేను అంబత్తూరులో పని చేస్తున్నాను. "మీరు క్రైస్తవులు కదా, మళ్లీ యూదులేమిటి, ఇజ్రాయెల్ వెళ్లడానికా?" అని అడిగేవారే అందరూ. పూర్వీకులు ఇశ్రాయేలీయులే అయినప్పుడు మమ్మల్ని మళ్లీ మతం పుచ్చుకోమనడం ఏమిటి? మేము యూదులమా కాదా?
— ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: అయ్యా, ఇందులో రెండు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. ఒకటి మీ వంశం గురించి, మరొకటి యూదుల న్యాయశాస్త్రంలో మీ స్థానం గురించి. వాటిని విడదీస్తే మీకు కొంత ఊరట ఉంటుందనుకుంటాను.

తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం కేంద్రంగా, మాదిగ సమాజానికి చెందిన కొన్ని తెలుగు కుటుంబాలు 1980ల చివరి నుంచి యూదా ఆచారాలు పాటిస్తున్నాయి. 1991లో అక్కడ సినగాగు నెలకొల్పుకున్నారు. క్రీస్తుకు పూర్వం 722 ప్రాంతంలో అస్సీరియా రాజులు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని కూల్చి, ప్రజలను చెరపట్టి తీసుకుపోయారు. అలా చెదిరిపోయిన గోత్రాల్లో ఎఫ్రాయీము ఒకటి. తాము ఆ గోత్రం వారమని, తరాల దారిద్ర్యంలో ఆచారాలు మరుగున పడ్డాయని, మృతులను పూడ్చిపెట్టడం వంటివి ఆనాటి ఆనవాళ్లేనని ఈ కుటుంబాల పెద్దలు చెబుతారు.

వంశం మాట: ఇది మౌఖిక సంప్రదాయం, దాన్ని నిలబెట్టే శాసనాలు, పత్రాలు లేవు. దాని మీద మీకు విశ్వాసం ఉండవచ్చు, దాన్ని గౌరవించడం నాకూ కష్టం కాదు. కాని వంశం నిజమేనని ఒప్పుకున్నవారు కూడా న్యాయశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి వేరే ప్రశ్న వేస్తారు: తల్లి, ఆమె తల్లి, ఆమె తల్లి అందరూ యూదు స్త్రీలేనని, మధ్యలో గొలుసు తెగలేదని ఎలా చెప్పగలరు? రెండున్నర వేల ఏళ్లకు పైబడిన గొలుసుకు ఎవరు మాత్రం సాక్ష్యం తేగలరు? కనుకనే సందేహం తీర్చడానికి గియూర్ అడుగుతారు.

ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు. కొంకణ తీరపు బెనె ఇశ్రాయేలీలను చూడండి. వారు గానుగ ఆడించి నూనె తీసేవారు, శనివారం మాత్రం గానుగ కట్టేసేవారు. చుట్టుపక్కల మరాఠీలు వారిని శనివారపు తేలీలని పిలిచేవారు. అంత స్పష్టమైన ఆచారం, సున్నతి, ప్రార్థన అన్నీ ఉన్నా, ఇజ్రాయెల్ వెళ్లాక వారి పెళ్లిళ్లకు అక్కడి రబ్బీలు అడ్డు చెప్పారు. వారు ధర్నాలు చేసి, పోరాడితే 1964లో గానీ వారిని అన్ని విధాలా సంపూర్ణ యూదులుగా గుర్తించలేదు. ఇథియోపియా యూదులను 1973లో ప్రధాన రబ్బీ ఒవాదియా యోసెఫ్ దాను గోత్రం వారిగా గుర్తించినా, వారిలో చాలామందిని తర్వాత లాంఛనంగా మిక్వేలో మునగమన్నారు. మణిపూర్, మిజోరం నుంచి వెళ్లిన బెనె మెనాషె వారిని 2005లో మరో ప్రధాన రబ్బీ ఇశ్రాయేలు సంతతిగా ఒప్పుకున్నారు, అయినా గియూర్ తప్పదన్నారు. వారు దాన్ని పూర్తి చేసుకుని వేల సంఖ్యలో అక్కడ స్థిరపడ్డారు. మీ సమాజానికి ఇంకా అటువంటి గుర్తింపు రాలేదు. రాదని నేను అనను.

గియూర్ అడగడం మీ తాతలను అబద్ధాలకోరులనడం కాదు. పన్నెండో శతాబ్దంలో ఓబద్యా అనే వ్యక్తి మతం పుచ్చుకుని, మా పితరుల దేవా అని ప్రార్థించే హక్కు నాకుందా అని మైమొనిడీసును అడిగాడు. ప్రతి మాటా యథాతథంగా చెప్పుకో, ఒక్క అక్షరం మార్చకు, అబ్రాహాము నీ తండ్రే అని ఆయన జవాబు రాశాడు. మతం పుచ్చుకున్నవారికి ఉన్న భేదాలు బహు కొద్ది. ఉదాహరణకు సంప్రదాయం ప్రకారం మతం పుచ్చుకున్న స్త్రీ యాజక వంశస్థుడిని పెళ్లాడకూడదు. మిగతా అంతటా సమానమే, పైగా అతని గతాన్ని ఎత్తి పొడవడం పాపం.

ఇజ్రాయెల్ వెళ్లడానికేనా అనే ప్రశ్న గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మత న్యాయస్థానం ప్రతి అభ్యర్థినీ ఉద్దేశం అడుగుతుంది, అడగాలి. కాని పక్కింటివాళ్లు, సహోద్యోగులు అడిగే ఆ ప్రశ్న పేదవాడినే వెతుక్కుంటూ వస్తుంది. ధనికుడు మతం మారితే దాన్ని అన్వేషణ అంటారు, మాదిగవాడ నుంచి ఒకడు మారితే ఏం ఆశించి మారాడంటారు. అంటరానితనం భరించిన జనం, చెరలో మగ్గి బయటపడ్డ జనం కథలో తమను చూసుకోవడంలో ఆశ్చర్యపడాల్సింది ఏముంది? ప్రతి పస్కా రాత్రి ఈజిప్టు నుంచి తానే బయటికి వచ్చినట్టు ప్రతి ఒక్కరూ తలచుకోవాలని ఆ మతమే ఆజ్ఞాపిస్తుంది.

మీరు చేయగలిగినవి ఇవి: హీబ్రూ చదవడం పిల్లలకు నేర్పించండి. పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు తేదీలతో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టండి. ముంబై యూదు సమాజాలతో రాకపోకలు పెంచుకోండి. రేపు ఏ రబ్బీ వచ్చి అడిగినా మూడు తరాల ఆచరణ చూపగలగాలి. ప్రాచీన వంశానికి రుజువు దొరకకపోవచ్చు, మీ కాలపు ఆచరణకు రుజువు మీ చేతుల్లో ఉంది.

ప్రశ్న: మా అమ్మమ్మ కలకత్తా యూదురాలని ఆమె పోయాక మా పెద్దమ్మ చెప్పింది. తాతయ్య ఖరగ్‌పూర్ రైల్వేలో తెలుగు ఉద్యోగి. పెళ్లయ్యాక అమ్మమ్మ పుట్టింటివాళ్లు మాట్లాడలేదట. అమ్మను క్రైస్తవురాలిగా పెంచారు, నాకూ చిన్నప్పుడే బాప్తిస్మం ఇచ్చారు. ఇప్పుడు కీల్పాక్‌లో ఉంటున్నాం. అమ్మమ్మ కోడిగుడ్డును ఎప్పుడూ నేరుగా బాణలిలో కొట్టేది కాదు. ముందు గాజు గ్లాసులో పగలగొట్టి, వెలుతురుకు పట్టి చూసి, అప్పుడు వంపేది. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేది. నేను ఆ మతంలోకి మారాలంటే ఏం చేయాలి?
— కె. ఎస్.

జవాబు: మీరు పంపిన ఆ గుడ్డు సంగతి చదివి చాలాసేపు దాని దగ్గరే ఆగిపోయాను. గుడ్డులో రక్తపు చుక్క ఉంటే యూదులు తినరు, అందుకే విడిగా పగలగొట్టి చూస్తారు. పేరు, ఊరు, పుట్టిల్లు అన్నీ వదులుకున్న ఆవిడ అదొక్కటి వదల్లేదు.

మీ ప్రశ్నలో ఒక సవరణ. అమ్మమ్మ యూదురాలైతే మీ అమ్మ యూదురాలు, మీరూ యూదులే. వంశం తల్లి వైపు నుంచి లెక్కించడం సంప్రదాయం, బాప్తిస్మం దాన్ని చెరపదు. పాపం చేసినా ఇశ్రాయేలు ఇశ్రాయేలే అని తల్ముదు మాట. మీరు మారనక్కర్లేదు, తిరిగి వెళ్లాలి. అదే నాయనమ్మ యూదురాలై ఉంటే సంప్రదాయవాదులు గియూర్ అడిగేవారు. అమెరికా సంస్కరణవాదులు మాత్రం 1983 నుంచి, యూదుగా పెరిగితే, తండ్రి వైపు వంశాన్నీ అంగీకరిస్తున్నారు.

అయితే నోటి మాట చాలదు, కాగితం కావాలి. అరబ్బు ప్రాంతాల నుంచి వచ్చి బాగ్దాదీలుగా పేరుపడిన కలకత్తా యూదుల చరిత్ర 1798లో అలెప్పో నుంచి వచ్చిన షాలోమ్ కోహెన్‌తో మొదలవుతుంది. 1856 నాటి బెత్ ఎల్, 1884 నాటి మాఘెన్ డేవిడ్ సినగాగులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. నార్కెల్‌డాంగాలో వారి శ్మశానవాటిక ఉంది. పార్క్ స్ట్రీట్‌లోని యూదు బాలికల పాఠశాల ఇప్పటికీ నడుస్తోంది, అందులో చదివేవారు ఎక్కువగా ముస్లిం బాలికలు. మీ అమ్మమ్మ ఆ బడిలో చదివి ఉండే అవకాశం ఉంది. ఆమె అసలు పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఏడాది పెద్దమ్మగారి నుంచి ముందు రాబట్టండి. పెద్దవారి జ్ఞాపకం మీద ఆధారపడ్డ పని వాయిదా వేయకూడదు. రైల్వే సర్వీసు పుస్తకంలో భార్య పేరు, నామినీ వివరాలు ఉండవచ్చు. ముత్తవ్వ సమాధి రాయి దొరికితే, దాని మీది హీబ్రూ అక్షరాల్లో ఆమె పేరు, తండ్రి పేరు ఉంటాయి, దాని ఫోటో రబ్బీ ముందు చాలా బలమైన సాక్ష్యం. వివాహ ఒప్పందం, దాన్ని కెతుబా అంటారు, ముత్తవ్వది దొరికితే ఇక అడగనే అక్కర్లేదు.

ఎంత వెతికినా కాగితం దొరక్కపోతే సందేహ నివృత్తి కోసం చేసే గియూర్ ఒకటుంది. అందులో మిమ్మల్ని కొత్తగా వచ్చినవారిగా కాక, దారి తప్పి తిరిగి వచ్చినవారిగా చూస్తారు. ఇజ్రాయెల్ పౌరసత్వం మాట వేరు. 1950 నాటి రిటర్న్ చట్టాన్ని 1970లో సవరించినప్పుడు యూదుల పిల్లలకు, మనవలకు కూడా హక్కు కల్పించారు గానీ, తన ఇష్టంతో వేరే మతం పుచ్చుకున్నవారిని మినహాయించారు. పసితనంలో ఇచ్చిన బాప్తిస్మాన్ని మీ ఇష్టంగా లెక్కిస్తారా అన్నది ఆ చట్టం తెలిసిన వకీలును అడగవలసిన ప్రశ్న. మీ ఉత్తరంలో వలస ఊసు లేదు గనుక దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను. ఈలోగా శుక్రవారం పొద్దు వాలడానికి పద్దెనిమిది నిమిషాల ముందు మీ ఇంట్లో రెండు దీపాలు వెలిగించుకోవడానికి మీకు ఎవరి ధ్రువపత్రమూ అవసరం లేదు.

ప్రశ్న: యూదుల ఆహార నియమాలు మన తెలుగు వంటకు కుదురుతాయా? హలాల్ మాంసం సరిపోతుందా?
— ఒక గృహిణి, విల్లివాక్కం

జవాబు: శాకాహారం చాలావరకు కుదురుతుంది, ఆకుకూరల్లో పురుగు లేకుండా ఏరుకోవాలి, అంతే. ఇబ్బంది మాంసం దగ్గర. హలాల్ సరిపోదు. యూదు పద్ధతిలో జంతువును కోయడానికి శిక్షణ పొందిన షొఖెత్ కోసి, ఊపిరితిత్తులు పరీక్షించి, ఉప్పు వేసి రక్తం తీసిన మాంసమే చెల్లుతుంది, అది చెన్నైలో దొరకడం గగనం. మాంసాన్ని పాలతో, పెరుగుతో కలపకూడదు గనుక పెరుగులో నానబెట్టిన కోడి బిర్యానీ, పక్కన పెరుగుపచ్చడి రెండూ పోయినట్టే. మాంసం తిన్న పూట చివర పెరుగన్నమూ ఉండదు. ఆచారాన్ని బట్టి కొన్ని గంటలు, చాలామంది ఆరు గంటలు, ఆగాలి. చేపల్లో పొలుసు, రెక్క రెండూ ఉన్నవే తినాలి: శీలావతి, బొచ్చె, కొర్రమీను పనికొస్తాయి. వాలుగ, సొర, రొయ్యలు, పీతలు పనికిరావు. పస్కా వారంలో గోధుమ పులిసినది ఇంట్లో ఉండకూడదు. అయితే భారతీయ యూదులు ఆ వారం కూడా అన్నం తింటారు. యూరప్ యూదుల్లో చాలామంది తినరు.

పండగల తేదీలు మీకు పరాయిగా అనిపించవు. వారి నెల కూడా మన నెలలాగే అమావాస్య తర్వాత మొదలవుతుంది, పందొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు వస్తాయి, పస్కా పౌర్ణమి నాటి రాత్రి.

ప్రశ్న: యూదా మతం పుచ్చుకుంటే ఎస్సీ రిజర్వేషన్ ఉంటుందా? మైనారిటీ హోదా వస్తుందా?
— టి. పి., వ్యాసర్‌పాడి

జవాబు: ఉండదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులకు, 1956 సవరణతో సిక్కులకు, 1990 సవరణతో బౌద్ధులకు మాత్రమే ఆ హోదా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ వర్గం క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు, వారి సంతానానికి ఉద్దేశించినది, దాన్ని యూదులకు వర్తింపజేయలేరు. షెడ్యూల్డ్ తెగలకు మాత్రం మతంతో సంబంధం లేదు. కేంద్రం గుర్తించిన ఆరు మైనారిటీల్లో యూదులు లేరు. మహారాష్ట్ర 2016లో ఆ హోదా ఇచ్చింది గానీ తమిళనాడులో మీకు అది వర్తించదు. పిల్లల చదువు ఈ కాగితం మీద ఆధారపడి ఉంటే, నిర్ణయానికి ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ నష్టాన్ని లెక్క వేసుకోండి. తర్వాత తెలిసి పిల్లలు నిలదీసే పరిస్థితి తెచ్చుకోకండి.

ప్రశ్న: ఒక ఏజెంటు మూడు లక్షలు ఇస్తే యూదు సర్టిఫికెట్ ఇప్పించి ఇజ్రాయెల్ పంపిస్తానంటున్నాడు. నమ్మవచ్చా?
— ఎం., తిరువొత్తియూర్

జవాబు: నమ్మవద్దు. డబ్బుకు కొన్న కాగితాన్ని ఇజ్రాయెల్ అధికారులు లెక్కలోకి తీసుకోరు. విదేశంలో మతం పుచ్చుకున్నవారి విషయంలో ఏ రబ్బీ దగ్గర, ఏ గుర్తింపు పొందిన సమాజంలో, ఎంతకాలం చదివారో, ఆ తర్వాత కూడా అక్కడే నివసించారో లేదో విచారిస్తారు. తప్పుడు పత్రంతో పట్టుబడితే వెనక్కి పంపడమే కాదు, నిజాయితీగా దరఖాస్తు పెట్టుకున్న మీ ఊరివారందరి మీదా అనుమానం పడుతుంది. మీకు కావలసింది పని అయితే దానికి మతం మారనక్కర్లేదు. నిర్మాణ, వృద్ధుల సంరక్షణ పనుల కోసం 2023లో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. ఆ ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. అంతవరకు పాస్‌పోర్టు గానీ, అడ్వాన్సు గానీ అతని చేతికి ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే రసీదు, ఫోను సందేశాలు దాచిపెట్టుకుని పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.